మెయిన్ అయిపోయాక

సొంతంగా చిన్న సీ లైబ్రరీ రాసుకుంటున్న పాఠకుల నుంచి ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒక్క విషయం చుట్టూనే తిరిగాయి: ప్రోగ్రామ్‌ని సరిగ్గా ముగించడం ఎలా? అందుకే వాటిని ఒకచోట చేర్చాం. ప్రత్యేకంగా చెప్పని చోటల్లా యంత్రం 64 బిట్ల ఎక్స్86 అనీ, కింద నడుస్తున్నది లినక్స్ అనీ అనుకోండి.

ప్రశ్న: 'మెయిన్' చివరిదాకా నడుస్తోంది, రాయాల్సింది రాస్తోంది. ఆ వెంటనే సెగ్మెంటేషన్ ఫాల్ట్. షెల్‌లో స్థితి 139 అని వస్తోంది. '_స్టార్ట్'లో (ప్రోగ్రామ్ మొదలయ్యే చోటు) 'మెయిన్'ని పిలిచి, ఆ తర్వాత 'రిటర్న్' పెట్టాను. తప్పెక్కడ?

జవాబు: ఆ 'రిటర్న్'లోనే ఉంది. '_స్టార్ట్'ని ఎవరూ పిలవలేదు. కెర్నెల్ నేరుగా అక్కడికి దూకింది. కాబట్టి వెనక్కి వెళ్లాల్సిన చిరునామా స్టాక్ మీద లేదు. అది ఉండాల్సిన చోట ఆర్గ్యుమెంట్ల సంఖ్య ఉంది. ప్రోగ్రామ్‌ని వట్టి పేరుతో నడిపితే ఆ సంఖ్య 1. మీ 'రిటర్న్' ఆ 1నే చిరునామా అనుకుని దూకుతుంది. కెర్నెల్ 11వ సిగ్నల్ పంపుతుంది, షెల్ దానికి 128 కలిపి 139 చూపిస్తుంది.

'_స్టార్ట్'ని సీలో కాదు, అసెంబ్లీలో రాయండి. అడుగుపెట్టేసరికి స్టాక్ పాయింటర్ రిజిస్టర్ ఆర్‌ఎస్‌పీ చూపించే చోట ఆర్గ్యుమెంట్ల సంఖ్య, దానికి 8 బైట్ల పైన ఆర్గ్యుమెంట్ల పట్టిక, ఆ పట్టిక చివరి శూన్య పాయింటర్ తర్వాత ఎన్విరాన్‌మెంట్ పట్టిక ఉంటాయి. ఆర్‌ఎస్‌పీ అప్పుడు 16తో నిశ్శేషంగా భాగించబడుతుంది. ఆర్‌బీపీని సున్నా చేసి, మూడు ఆర్గ్యుమెంట్లనూ రిజిస్టర్లలో పెట్టి, మధ్యలో ఒక్క పుష్ కూడా చేయకుండా 'మెయిన్'ని పిలవండి. దీన్నే సీ ఫంక్షన్‌గా రాస్తే, తనను ఎవరో 'కాల్' చేశారని కంపైలర్ అనుకుంటుంది, అమరిక 8 బైట్లు తప్పుతుంది. చాలా ప్రోగ్రాములు అలాగే నడిచిపోతాయి. 16 బైట్ల అమరిక కోరే ఎస్‌ఎస్‌ఈ సూచన తగిలిన రోజున మాత్రం కూలుతుంది, కారణం ఓ పట్టాన దొరకదు.

'మెయిన్' ఈఏఎక్స్‌లో ఇచ్చిన విలువను ఈడీఐలోకి మార్చి 'ఎగ్జిట్'ని పిలవండి. దాని కింద 'యూడీ2' అనే సూచన ఒకటి పెట్టండి. 'ఎగ్జిట్' పొరపాటున వెనక్కి వస్తే స్థితి 132గా కనిపిస్తుంది. 139కి కారణాలు వంద ఉంటాయి గానీ, ఇక్కడ 132 అంటే దాదాపుగా ఇదొక్కటే.

ఇంకొక మాట. 'మెయిన్'లో 'రిటర్న్' లేకుండా చివరి బ్రాకెట్ దాకా వస్తే 0 ఇచ్చినట్టే అని సీ99 చెబుతుంది. ఆ సున్నాని పెట్టేది కంపైలర్, లైబ్రరీ కాదు. జీసీసీకి 'ఫ్రీస్టాండింగ్' ఆప్షన్ ఇస్తే 'మెయిన్' కూడా మామూలు ఫంక్షనే అయిపోతుంది, ఆ సున్నా రాదు, చెత్త విలువ స్థితిగా బయటపడుతుంది. ఆ ఆప్షన్‌ని లైబ్రరీకి వాడండి, దాని మీద నడిచే ప్రోగ్రాములకు వాడకండి.

ప్రశ్న: '_ఎగ్జిట్'లో (ముగించమని నేరుగా కెర్నెల్‌నే అడిగే ఫంక్షన్) 60వ సిస్టమ్ కాల్ వాడాను, బాగానే ఉంది. 231 వాడాలని చదివాను. తేడా ఏమిటి?

జవాబు: 60 పిలిచిన థ్రెడ్‌ని మాత్రమే ఆపుతుంది. 231 మొత్తం ప్రాసెస్‌ని ఆపుతుంది. ఒకే థ్రెడ్ ఉన్నంతకాలం తేడా కనబడదు. రేపు థ్రెడ్లు చేర్చాక 'మెయిన్' ముగిసినా మిగతావి నడుస్తూనే ఉంటాయి, పేరెంట్ ప్రాసెస్ ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఇప్పుడే 231 పెట్టేయండి. దాని తర్వాత అంతులేని లూపులో 60 పెట్టండి. అది అనవసర జాగ్రత్త కాదు: సిస్టమ్ కాల్ ఎప్పటికీ తిరిగిరాదని కంపైలర్‌కి తెలియదు, ఆ లూపు వల్లే ఫంక్షన్ చివరికి దారి మూసుకుపోతుంది. 'నోరిటర్న్' అని ప్రకటించిన ఫంక్షన్ నిజంగా తిరిగివస్తే, దాని తర్వాత మెమరీలో ఏ ఫంక్షన్ ఉంటే అందులోకి జారిపోతుంది. ప్రాసెస్ వాడగల సిస్టమ్ కాల్స్‌ని పరిమితం చేసే సెక్‌కాంప్‌లో, దాని స్ట్రిక్ట్ మోడ్‌లో అయితే 60కి అనుమతి ఉంది, 231కి లేదు. పిలిస్తే ప్రాసెస్‌ని కెర్నెల్ చంపేస్తుంది.

ఈ సంఖ్యలు యంత్రాన్ని బట్టి మారతాయి. 64 బిట్ల ఆర్మ్‌లోనూ రిస్క్-వీలోనూ 93, 94. 32 బిట్ల ఎక్స్86లో 1, 252. ఇన్‌లైన్ అసెంబ్లీలో రాస్తున్నట్టయితే ఆర్‌సీఎక్స్, ఆర్11 పాడవుతాయని కంపైలర్‌కి చెప్పడం మరవకండి. ముగింపులో దాని వల్ల నష్టం లేకపోయినా, అదే మూసను 'రైట్'కి కాపీ చేసుకున్నాక కొంప మునుగుతుంది.

'_ఎగ్జిట్' పేరులో అండర్‌స్కోర్ తర్వాత పెద్ద 'ఈ' ఉండే సీ99 రూపమూ, చిన్న 'ఈ' ఉండే పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణం) రూపమూ రెండూ ఇక్కడ ఒకటే పని చేస్తాయి. ఒకదాన్ని రాసి రెండోదాన్ని దానికి మారుపేరుగా పెట్టండి. అన్నిటికంటే ముందు రాయాల్సింది కూడా ఇదే. మిగతావన్నీ దీని మీద నిలబడేవే.

ప్రశ్న: ముగింపులో పిలవాల్సిన ఫంక్షన్లను (హ్యాండ్లర్లను) నమోదు చేసుకునే 'ఎట్‌ఎగ్జిట్' కోసం 32 గదుల ఎరే పెట్టి, 'ఎగ్జిట్'లో చివరి నుంచి మొదటికి 'ఫర్' లూపుతో పిలుస్తున్నాను. ఇంతేనా, ఇంకేమైనా ఉందా? 'మాలాక్' వాడాలా?

జవాబు: 32 అన్నది ప్రమాణం కోరే కనీస సంఖ్య. 33వది వస్తే సున్నా కాని విలువ తిరిగివ్వండి, అంతటితో నియమం తీరుతుంది. మొదటి 32 గదుల్ని స్థిరంగానే ఉంచండి, ఎందుకంటే 'మాలాక్' సిద్ధం కాకముందే ఎవరైనా నమోదు చేసుకోవచ్చు. అంతకుమించి కావాలంటే 32 గదుల కొత్త దిమ్మెను 'కాలాక్'తో తెచ్చి జాబితాకు తగిలించండి. లినక్స్ కోసం రాసిన మసల్ అనే సీ లైబ్రరీ చేసేది ఇదే, ఇంతకంటే తెలివైన ఏర్పాటు అక్కర్లేదు.

చిక్కు 'ఫర్' లూపులో ఉంది. మొదట్లో లెక్కను ఒక వేరియబుల్‌లోకి తీసుకుని అక్కడి నుంచి దిగుతుంటే, మధ్యలో జరిగే నమోదులు మీకు కనబడవు. హ్యాండ్లర్ తనలోంచి ఇంకొక ఫంక్షన్‌ని నమోదు చేయవచ్చు, అది ప్రమాణం ఒప్పుకున్నదే. ఆ కొత్తది మిగిలినవాటి కంటే ముందు నడవాలి. అందువల్ల లూపు ఇలా ఉండాలి: లెక్క సున్నా కానంతకాలం, ముందు లెక్కను ఒకటి తగ్గించు, ఆ గదిలోని పాయింటర్‌ని తీసుకో, పిలువు. అప్పుడు కొత్త నమోదు ఇప్పుడే ఖాళీ అయిన గదిలో కూర్చుంటుంది, తర్వాతి చుట్టులో దాని వంతే వస్తుంది.

తగ్గించడం ముందా, పిలవడం ముందా అన్నదానికి ఇంకొక ఫలితం ఉంది. హ్యాండ్లర్ లోపల ఎవరైనా మళ్లీ 'ఎగ్జిట్'ని పిలిస్తే ప్రవర్తన అనిర్వచితం, ప్రమాణం పూచీ ఇవ్వదు. కానీ జనం అలాంటి కోడ్ రాస్తారు. లోపం ఎదురైతే 'ఎగ్జిట్' పిలిచే ఫంక్షన్‌ని ఏ హ్యాండ్లరైనా వాడుకుంటుంది కదా. ముందే తగ్గించి ఉంటే లోపలి 'ఎగ్జిట్' మిగిలినవాటిని పూర్తిచేసి ముగిస్తుంది. పిలిచాక తగ్గించే పద్ధతిలో అదే హ్యాండ్లర్ మళ్లీ మళ్లీ నడిచి స్టాక్ నిండిపోయి 139తో కూలుతుంది.

థ్రెడ్ల కోసం జాబితాకు తాళం (లాక్) పెట్టేవాళ్లు హ్యాండ్లర్‌ని పిలిచే ముందు దాన్ని వదలాలి, తిరిగొచ్చాక మళ్లీ పట్టుకోవాలి. పట్టుకునే పిలిస్తే, హ్యాండ్లర్ లోంచి 'ఎట్‌ఎగ్జిట్' రాగానే తనకోసం తానే ఎదురుచూస్తూ ప్రోగ్రామ్ బిగుసుకుపోతుంది. ఒకే ఫంక్షన్ రెండుసార్లు నమోదైతే రెండుసార్లు పిలవాలి. పునరుక్తి అని ఒకదాన్ని తీసేయకండి.

పరీక్ష ఒకటి: అ, ఆ, ఇ అని రాసే మూడు ఫంక్షన్లను ఆ వరసలోనే నమోదు చేయండి. 'ఆ' రాసేది తన లోపల 'ఈ' రాసేదాన్ని నమోదు చేయాలి. సరైన ఫలితం 'ఇ ఆ ఈ అ'. మీ ఇప్పటి లూపుతో 'ఈ' కనబడదు.

ప్రశ్న: టెర్మినల్ మీద 'ప్రింట్ఎఫ్' మొత్తం కనిపిస్తోంది. ఫైల్‌లోకి మళ్లిస్తే ఫైల్ ఖాళీ. 'ఎగ్జిట్' పనిచేస్తున్నట్టే ఉంది, స్థితి 0.

జవాబు: బఫర్ ఖాళీ కాకుండానే ప్రాసెస్ పోతోంది. టెర్మినల్ అయితే పంక్తి ముగిసిన ప్రతిసారీ రాత బయటికి వెళ్తుంది, ఫైలో పైపో అయితే బఫర్ నిండాకే వెళ్తుంది. కాబట్టి టెర్మినల్ మీద చూసి తృప్తిపడకండి. ముగింపుకి సంబంధించిన ప్రతి పరీక్షనూ పైపులో పెట్టి నడపండి.

వరస ఇది: ముందు హ్యాండ్లర్లు, తర్వాత స్ట్రీముల ఫ్లష్ (బఫర్లలో మిగిలింది బయటికి రాయడం), ఆఖరున '_ఎగ్జిట్'. మొదటి రెండూ తారుమారైతే, హ్యాండ్లర్లు రాసిన వాక్యాలు మాత్రమే మాయమవుతాయి, అదీ మళ్లించినప్పుడే. ఇది ఖాళీ ఫైల్ కంటే ఆలస్యంగా బయటపడే తప్పు.

ఫ్లష్ చేయాలంటే తెరిచి ఉన్న స్ట్రీములన్నీ ఒక జాబితాలో ఉండాలి. 'ఎఫ్‌ఓపెన్' చేర్చాలి, 'ఎఫ్‌క్లోజ్' తీసేయాలి. తీసేయడం మరిస్తే 'ఎగ్జిట్' ఎప్పుడో విడుదలైపోయిన మెమరీని తాకుతుంది. 'రైట్' అడిగినన్ని బైట్లు రాయకపోవచ్చు, మిగిలినవాటికి మళ్లీ పిలవాలి. సిగ్నల్ వల్ల ఆగితే మళ్లీ ప్రయత్నించాలి. డిస్క్ నిండిందన్న లోపం వస్తే మాత్రం ఆ స్ట్రీమ్‌ని వదిలేసి ముందుకు పోవాలి, లేకపోతే ముగియని 'ఎగ్జిట్' తయారవుతుంది. పోసిక్స్‌ని పాటించాలనుకుంటే చదివే స్ట్రీముల సంగతి కూడా ఉంది: బఫర్‌లోకి తెచ్చి ఇంకా వాడని బైట్ల మేరకు ఫైల్ స్థానాన్ని 'ఎల్‌సీక్'తో వెనక్కి జరపాలి, తర్వాత అదే ఫైల్‌ని చదివే ప్రోగ్రామ్‌కి అవి దక్కాలి కనుక.

ఇక లింకర్ దగ్గర జరిగే మోసం. 'ఎగ్జిట్' నేరుగా ఫ్లష్ ఫంక్షన్‌ని పేర్కొంటే, ఒక్క అక్షరం కూడా ముద్రించని ప్రోగ్రామ్‌లోకి సైతం స్ట్రీముల కోడ్ అంతా వచ్చి చేరుతుంది. అందుకని 'ఎగ్జిట్' ఉన్న ఫైల్‌లో ఒక ఖాళీ ఫంక్షన్ పెట్టి, ఫ్లష్ పేరును దానికి బలహీన మారుపేరుగా ఇస్తారు. అసలు ఫ్లష్ లింకులోకి వస్తే అది గెలుస్తుంది. మంచి పద్ధతే. కానీ బలహీన సింబల్ దానంతట అది ఆర్కైవ్ నుంచి ఏ ఆబ్జెక్ట్ ఫైల్‌నీ లాక్కురాదు. అసలు ఫ్లష్‌ని శుభ్రంగా ఉంటుందని విడి ఫైల్‌లో పెట్టారనుకోండి, దాన్ని ఎవరూ అడగరు, ఖాళీదే మిగులుతుంది, మీరు రాసిన ఖాళీ ఫైల్ మళ్లీ ప్రత్యక్షం. స్ట్రీమ్‌కి రాసే ప్రోగ్రామ్ ప్రతిదీ తప్పనిసరిగా తెచ్చుకునే ఆబ్జెక్ట్ ఫైల్‌లోనే, అంటే బఫర్‌ని ఖాళీచేసే కోడ్ పక్కనే, అది ఉండాలి. మీ ఆర్కైవ్‌లో ముందు ఇది చూడండి.

ఫ్లష్ విఫలమైతే స్థితిని మార్చాలా అని అడుగుతారేమో. వద్దు. 'ఎగ్జిట్'కి ఇచ్చిన విలువ ప్రోగ్రామ్‌ది, లైబ్రరీది కాదు. ఫలితాన్ని '/డెవ్/ఫుల్'కి మళ్లించి చూడండి: ప్రతి రాతా 'చోటు లేదు' అని విఫలమవుతుంది, మీ ప్రోగ్రామ్ మాత్రం 0తో చేతులు దులుపుకుంటుంది. దాన్ని పట్టుకోవాల్సింది ప్రోగ్రామే. 'క్యాట్', 'ఎల్‌ఎస్' లాంటి కమాండ్ల సమాహారం గ్నూ కోర్‌యుటిల్స్ ఇందుకోసమే ఒక హ్యాండ్లర్‌ని నమోదు చేసుకుంటాయి. ప్రామాణిక అవుట్‌పుట్‌ని మూయడంలో లోపం వస్తే అది '_ఎగ్జిట్'తో వైఫల్య స్థితి ఇస్తుంది.

ప్రశ్న: 'ఎగ్జిట్'కి 256 ఇస్తే షెల్‌లో 0 వస్తోంది. లైబ్రరీలో సరిదిద్దాలా?

జవాబు: అక్కర్లేదు. పేరెంట్‌కి చేరేవి చివరి 8 బిట్లే. 256 ఇస్తే 0, 300 ఇస్తే 44, -1 ఇస్తే 255. వచ్చినది వచ్చినట్టు కెర్నెల్‌కి అందించండి. లోపాల సంఖ్యను స్థితిగా ఇచ్చే ప్రోగ్రాములు సరిగ్గా 256 లోపాలున్న రోజున అంతా బాగుందని చెబుతాయి. 126, 127, 128 దాటినవి షెల్ తన అర్థాలకు వాడుకుంటుంది, మీ ప్రోగ్రాముల్లో వాటిని వదిలేయండి.

ప్రశ్న: 'అబార్ట్'ని 'ఎగ్జిట్'కి 134 ఇచ్చి రాస్తే సరిపోదా?

జవాబు: పైకి సంఖ్య అదే కనిపిస్తుంది, లోపల సంగతి వేరు. 134 అంటే 6వ సిగ్నల్‌తో చచ్చిందని షెల్ చెప్పే తీరు. పేరెంట్ 'వెయిట్'తో అడిగితే మీది మామూలుగా ముగిసిందనే తెలుస్తుంది, కోర్ డంప్ రాదు, డీబగ్గర్ ఆగదు. పైగా 'అబార్ట్'ని పిలిచేదే మెమరీ పాడైందన్న అనుమానంతో. ఆ స్థితిలో హ్యాండ్లర్లూ ఫ్లషూ నడపడం అంటే పాడైన పాయింటర్ల వెంట నడవడమే. గ్నూ సీ లైబ్రరీ గ్లిబ్‌సీ కూడా 2018లో వచ్చిన 2.27 నుంచి 'అబార్ట్'లో ఫ్లష్ మానేసింది.

ఇలా రాయండి. ముందు ఆ సిగ్నల్ మీద అడ్డు ఉంటే 'ఆర్‌టీ సిగ్‌ప్రాక్‌మాస్క్'తో తీయండి. 'టీజీకిల్'తో మీ థ్రెడ్‌కే 6వ సిగ్నల్ పంపండి. వినియోగదారు హ్యాండ్లర్ ఉంటే నడుస్తుంది. అది 'లాంగ్‌జంప్'తో బయటపడితే 'అబార్ట్' అక్కడితో సరి, ప్రమాణం ఒప్పుకుంటుంది. మామూలుగా తిరిగొచ్చినా, సిగ్నల్‌ని విస్మరించమని ముందే చెప్పి ఉన్నా, సిగ్నల్ చర్యను డిఫాల్ట్‌కి మార్చి మళ్లీ పంపండి. దాని తర్వాత 'యూడీ2', ఆపైన 127తో '_ఎగ్జిట్'. సిగ్నల్ సెట్ పరిమాణం అడిగేచోట కెర్నెల్ 8 బైట్లనే ఒప్పుకుంటుంది. గ్లిబ్‌సీ హెడర్‌లోని 128 బైట్ల రకం పరిమాణం ఇస్తే కాల్ విఫలమవుతుంది, ఫలితం చూడకపోతే మీకు తెలియనే తెలియదు.

'అసర్ట్' సందేశం కనబడటం లేదని ఇంకో ఉత్తరం వచ్చింది. కారణం ఇక్కడే ఉంది: ప్రామాణిక ఎర్రర్ స్ట్రీమ్‌కి బఫర్ పెట్టారు. తీసేయండి.

ప్రశ్న: 'ఫోర్క్' చేసిన ప్రోగ్రామ్ ఫలితాన్ని ఫైల్‌లోకి పంపితే కొన్ని పంక్తులు రెండుసార్లు పడుతున్నాయి.

జవాబు: 'ఫోర్క్' సమయానికి బఫర్‌లో ఉన్నది చైల్డ్‌కీ నకలు అయింది, ఇద్దరూ 'ఎగ్జిట్' పిలిచారు, ఇద్దరూ ఫ్లష్ చేశారు. చైల్డ్‌లో '_ఎగ్జిట్' వాడండి, లేదా 'ఫోర్క్'కి ముందే ఫ్లష్ చేయండి. 'ఎగ్జెక్' విఫలమైన చోట 127తో '_ఎగ్జిట్' అన్నది వాడుక. రెండుసార్లు పడే పంక్తుల కంటే పెద్ద నష్టం హ్యాండ్లర్ల వల్ల వస్తుంది: తాత్కాలిక ఫైల్‌ని చెరిపే హ్యాండ్లర్ చైల్డ్‌లో నడిచి, పేరెంట్ ఇంకా వాడుతున్న ఫైల్‌ని చెరిపేస్తుంది. ఇందులో లైబ్రరీ తప్పేమీ లేదు.

ప్రశ్న: నా లైబ్రరీతో సీ++ ప్రోగ్రామ్ లింక్ చేస్తే '__సీఎక్స్ఏ_ఎట్‌ఎగ్జిట్', '__డీఎస్ఓ_హ్యాండిల్' దొరకలేదంటోంది. 'డిస్ట్రక్టర్' గుర్తు పెట్టిన సీ ఫంక్షన్లు కూడా నడవడం లేదు.

జవాబు: ఇవి రెండు వేర్వేరు దారులు. 'డిస్ట్రక్టర్' గుర్తు పెట్టిన ఫంక్షన్ల చిరునామాలు 'ఫినీ ఎరే' అనే సెక్షన్‌లో పడతాయి. 'ఎట్‌ఎగ్జిట్' జాబితా అయ్యాక, ఫ్లష్‌కి ముందు, ఆ సెక్షన్‌ని చివరి నుంచి మొదటికి నడిచి ఒక్కొక్కదాన్నీ పిలవాలి. మొదలు, చివర గుర్తులను లింకర్ స్క్రిప్ట్ ఇస్తుంది. సొంత స్క్రిప్ట్ రాసుకున్నవాళ్లు ఆ సెక్షన్‌ని 'కీప్'లో పెట్టకపోతే, వాడని సెక్షన్లను తీసేసే ఆప్షన్ దాన్ని ఊడ్చేస్తుంది.

సీ++లో స్టాటిక్ వస్తువుల డిస్ట్రక్టర్లు అలా రావు. ప్రతి వస్తువూ నిర్మాణం పూర్తవగానే '__సీఎక్స్ఏ_ఎట్‌ఎగ్జిట్'కి మూడు విలువలిచ్చి నమోదవుతుంది: ఫంక్షన్, దానికివ్వాల్సిన పాయింటర్, ఏ లైబ్రరీదో చెప్పే హ్యాండిల్. ఇవి మీ 'ఎట్‌ఎగ్జిట్' జాబితాలోనే చేరాలి, రెండింటి మధ్య వరస చెడకూడదు. కాబట్టి ప్రతి గదిలో ఫంక్షన్‌తోపాటు ఒక పాయింటర్‌కీ చోటు పెట్టండి. స్టాటిక్ లింకుకి హ్యాండిల్‌గా సున్నా విలువ ఉన్న ఒక వేరియబుల్ చాలు.

ఆర్గ్యుమెంట్ లేని 'ఎట్‌ఎగ్జిట్' ఫంక్షన్‌ని ఆర్గ్యుమెంట్ ఉన్న రకంలోకి క్యాస్ట్ చేసి గదిలో దూర్చకండి. ఎక్స్86 మీద నడుస్తుంది గానీ, పరోక్ష కాల్‌కి రకాలు సరిచూసే వెబ్‌అసెంబ్లీ మీద ఆగిపోతుంది. అసలు ఫంక్షన్‌ని పాయింటర్ గదిలో పెట్టి, దాన్ని పిలిచే చిన్న మధ్యవర్తిని ఫంక్షన్ గదిలో పెట్టండి.

ప్రశ్న: సీ11లోని 'క్విక్ ఎగ్జిట్' అవసరమా?

జవాబు: రాయడం పది నిమిషాల పని. దాని జాబితా వేరు, దానికీ కనీసం 32. తన జాబితాను వెనుక నుంచి పిలిచి నేరుగా '_ఎగ్జిట్'కి వెళ్తుంది. 'ఎట్‌ఎగ్జిట్' జాబితాను తాకదు. రెండు జాబితాలకూ ఒకే ఎరే వాడటమే ఇందులో చేయగలిగిన తప్పు.

ప్రశ్న: కింద ఆపరేటింగ్ సిస్టమే లేదు, సొంత కెర్నెల్‌ని క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్‌లో పరీక్షిస్తున్నాను. '_ఎగ్జిట్' ఎక్కడికి వెళ్లాలి?

జవాబు: నిజమైన యంత్రం మీద వెళ్లడానికి చోటు లేదు. ఇంటరప్టులు ఆపి, 'హాల్ట్' సూచనను లూపులో పెట్టండి. ఒక్క 'హాల్ట్' చాలదు. ఆపలేని ఇంటరప్టు వస్తే ప్రాసెసర్ మేలుకుని తర్వాతి బైట్లను నడపడం మొదలుపెడుతుంది.

క్యూఈఎంయూలో ఎక్స్86కి 'ఐఎస్ఏ డీబగ్ ఎగ్జిట్' అనే పరికరం ఉంది. కమాండ్‌లో దాన్ని చేర్చి, దాని పోర్టుకి ఒక విలువ రాస్తే క్యూఈఎంయూ ముగుస్తుంది. బయటికొచ్చే స్థితి మీరు రాసిన విలువకి రెట్టింపు, ప్లస్ 1. 0 రాస్తే 1, 1 రాస్తే 3. అంటే సున్నా ఎప్పటికీ రాదు, విజయానికి వేరే సంఖ్య ఎంచుకోవాలి. 16 రాసి, పరీక్షలు నడిపే స్క్రిప్ట్‌లో 33ని విజయంగా చూడండి. విజయానికి స్థితి 1ని ఎంచుకుంటే క్యూఈఎంయూ తనంతట తాను విఫలమైన సందర్భంతో కలిసిపోతుంది. ఆర్మ్ మీద సెమీహోస్టింగ్ (లోపలి ప్రోగ్రామ్ బయటి ఎమ్యులేటర్‌ని సేవలు అడిగే పద్ధతి) దారి ఉంది, కాల్ సంఖ్య హెక్స్‌లో 18. 32 బిట్ల ఆర్మ్‌లో ఆ కాల్ కారణాన్నే తీసుకుంటుంది, స్థితిని మోయదు. స్థితి కావాలంటే హెక్స్ 20 వాడాలి. కమాండ్‌లో సెమీహోస్టింగ్ ఆప్షన్ ఇవ్వడం మరిస్తే ఆ సూచనే ఎక్సెప్షన్ అవుతుంది, అప్పుడు మీ '_ఎగ్జిట్' మీ ఎక్సెప్షన్ హ్యాండ్లర్‌లో తేలుతుంది.